ఎగరని విమానం నేర్పిన విద్య

విమానం నడిపేవాళ్ళకు కళ్ళు బాగా కనిపించాలని మనమందరం అనుకుంటాం. నిజమే. కానీ మబ్బులోకి పోయినాక ఎంత మంచి కళ్ళయినా పనికి రావు. అద్దం బయట పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది, అంతే. నేల ఎటు, ఆకాశం ఎటు అనేది తెలీదు. అప్పుడు పైలట్ బయటకు చూడడం మానేసి, ఎదురుగా ఉన్న గుండ్రటి మీటర్లలోని ముళ్ళను చూసి నడపాలి. దీన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. ఈ విద్యను ఈ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని కూడా సాధన చేస్తున్నారు. దానికి ఏ కంట్రోలు కొనాలి, జాయ్‌స్టిక్కా, యోకా, కాలితో తొక్కే పెడల్సా అనే మాట మా పెదనాన్న ఇంట్లో రెండు నెలలుగా నలుగుతా ఉంది. మా అన్న ప్లస్ టూ చదువుతున్నాడు, పైలట్ కావాలని వాడి కోరిక. "ఏం రా, ఇది ఆట సామాను గదా, దీనికి అంత దుడ్డు ఎందుకు?" అని పెదనాన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అది తొంభై ఏళ్ళకు పైబడిన ఒక పియానోల ఫ్యాక్టరీలో దొరికింది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

ముళ్ళను ఎందుకు నమ్మాలి, వంగితే మన ఒంటికి తెలీదా అని మీరు అడగొచ్చు. తెలీదు. జీవశాస్త్రంలో చదివిన అర్ధవర్తుల కుల్యలు గుర్తున్నాయా? లోపలి చెవిలో మూడు చిన్న గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది, దాన్ని బట్టి మనం తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. అయితే ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటే, సుమారు ఇరవై సెకండ్లకు ఆ ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు మెదడు "నేను కదలడం లేదు" అనుకుంటుంది. తిరగడం ఆగిపోతే, ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. కావాలంటే తిరిగే కుర్చీలో ఒకరిని కళ్ళకు గంతలు కట్టి కూర్చోబెట్టి, మెల్లగా తిప్పి, ఎటు తిరుగుతున్నావో వేలితో చూపించమనండి. మా తరగతిలో చేశాం. ఆపిన తర్వాత కూడా అందరూ ఎదురు దిక్కు చూపించారు. పక్కన ఒకరు పట్టుకోవాలి, పడిపోతారు.

మబ్బులో ఇదే జరుగుతుంది. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది, పైలట్‌కు తెలీదు. ఒరిగిన విమానం తిరుగుతూ ముక్కు దించుతుంది. ఎత్తు తగ్గుతోందని చూసి అతను స్టిక్కును వెనక్కు లాగుతాడు. ఒరిగి ఉండగా లాగితే విమానం పైకి లేవదు, ఆ మలుపే ఇంకా బిగుసుకుంటుంది. బొంగరం పడిపోయేముందు తిరిగినట్టు చుట్టలు చుట్టుకుంటూ నేల మీదికి వస్తుంది. అంతవరకు పైలట్ మాత్రం తిన్నగానే పోతున్నానని అనుకుంటూ ఉంటాడు. మొదటి రోజుల పైలట్లు దీన్ని ఒప్పుకోలేదు. మంచి పైలట్ అయితే కూర్చున్న చోటే విమానం సంగతి తెలుస్తుందని, మీటర్లు చూసేవాడు చేతకానివాడని వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకాన్ని కదిలించినవాళ్ళలో ఒకరు విలియం ఆకర్ అనే అమెరికా సైన్యపు పైలట్. 1926లో ఆయనను వైద్య పరీక్షకోసం ఇట్లాంటి తిరిగే కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఎంతో అనుభవం ఉన్న మనిషి, ఎటు తిరుగుతున్నాడో తప్పు చెప్పాడు. అవమానంగా అనుకొని ఊరుకోలేదు. ఒక పెట్టెలో మలుపును చూపించే మీటరు బిగించి, దాన్ని ముఖానికి పెట్టుకొని మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ప్రతి జవాబూ సరిగ్గా వచ్చింది. ఆయన, కార్ల్ క్రేన్ అనే ఇంకో పైలట్ కలిసి పావురాల కళ్ళు కప్పి విమానం నుంచి వదిలి కూడా చూశారు. పావురాలు ఎగరలేదు. రెక్కలు పైకి చాపి నిలబెట్టుకొని గొడుగులాగా దిగిపోయాయి. పుట్టుకతో ఎగిరే పక్షికే కళ్ళు లేకుండా చేతకాలేదంటే మనిషి సంగతి చెప్పాలా!

1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డులో కాక్‌పిట్ మీద గుడ్డ కప్పుకొని, బయట ఏమీ చూడకుండా పైకి లేచి, సుమారు పదిహేను నిమిషాలు తిరిగి, మళ్ళీ అక్కడే దిగాడు. ప్రమాదం జరిగితే ఆదుకోవడానికి బెన్ కెల్సీ అనే ఇంకో పైలట్ ముందు సీటులో ఉన్నాడు గానీ కంట్రోల్స్ ముట్టుకోలేదు. డూలిటిల్ ముందర కొత్త మీటర్లు ఉన్నాయి. వాటిలో రెండింటి లోపల వేగంగా తిరిగే జైరోస్కోపు ఉంటుంది, అంటే ఒకరకం బొంగరమే. ఒకటి విమానం ఎటు ఒరిగిందో చూపించే ఆర్టిఫిషియల్ హొరైజన్, ఇంకొకటి దిక్కు చూపించేది. మూడోది ఎత్తును కొద్ది అడుగుల తేడాతో చూపించే కోల్స్‌మన్ ఆల్టిమీటర్. మీటర్లతో ఎగరొచ్చు అని ఆ రోజు తేలిపోయింది. కానీ వేలమంది పైలట్లకు దాన్ని నేర్పేదెట్లా? మబ్బులోకి తీసుకుపోయి నేర్పితే, నేర్చుకొనేలోపల చచ్చిపోతారు.

ఇక్కడే పియానోల ఫ్యాక్టరీ వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్‌టన్ అనే ఊళ్ళో లింక్ అనే కుటుంబం పియానోలు, సినిమా హాళ్ళలో వాయించే పెద్ద ఆర్గన్లు తయారుచేసేది. ఆ ఇంటి అబ్బాయి ఎడ్విన్ లింక్, 1904లో పుట్టాడు. 1920లో మొదటి విమాన పాఠానికి 50 డాలర్లు కట్టాడు. నేర్పేవాడు విమానాన్ని గిరగిర తిప్పి దించాడు, అబ్బాయిని ఒక్కసారి కూడా కంట్రోల్స్ ముట్టుకోనివ్వలేదు. నాకు ఈ కథలో చాలా ఇష్టమైన చోటు ఇదే. డబ్బు కట్టి ఏమీ నేర్చుకోకుండా దిగి వచ్చిన కోపం లింక్‌కు చాలాకాలం ఉన్నట్టుంది. నేల మీదే చవకగా నేర్పలేమా అని ఆలోచించి, 1927 నుంచి నాన్న ఫ్యాక్టరీ నేలమాళిగలో ఒక యంత్రం కట్టడం మొదలుపెట్టాడు.

మన భజన మందిరంలో హార్మోనియం చూసే ఉంటారు. వెనక ఉన్న తిత్తిని చేత్తో ఊపితే గాలి లోపలికి పోయి స్వరం వస్తుంది. లింక్ ఇంట్లో తయారయ్యే ఆర్గన్లలోనూ అట్లాంటి తిత్తులే, అయితే మోటారుతో పనిచేసేవి. ఆయన ఒక చిన్న చెక్క విమానం చేసి, అన్ని వైపులకూ వంగే ఒక కీలు మీద నిలబెట్టి, కింద నాలుగు పక్కలా తిత్తులు పెట్టాడు. లోపల కూర్చున్నవాడు స్టిక్కు కదిపితే కవాటాలు తెరుచుకుంటాయి. ఒక పక్క తిత్తి ముడుచుకొని ఇంకో పక్కది ఉబ్బుతుంది, చెక్క విమానం వంగుతుంది. గుండ్రంగా తిప్పడానికి పియానో యంత్రాల్లో వాడే గాలి మోటారు. అంటే పాట పాడాల్సిన తిత్తులు విమానం నడపడం నేర్పాయి. పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1931లో వచ్చింది.

మరి కొన్నదెవరు? సైన్యం కొనలేదు, విమాన పాఠశాలలు కూడా పెద్దగా కొనలేదు. తిరునాళ్ళలో రంగులరాట్నం పక్కన పెట్టుకోవడానికి అమ్యూజ్‌మెంట్ పార్కులవాళ్ళు కొన్నారు! చిల్లర డబ్బులు వేసి పిల్లలు ఎక్కి ఊగేవాళ్ళు. పెదనాన్న అడిగిన మాటే అప్పటి సైన్యాధికారులకూ అనిపించి ఉంటుంది.

వాళ్ళ మనసు మార్చింది చావులే. 1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విమానాల్లో తపాలా మోసే ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులు రద్దు చేసి, ఆ పనిని సైన్యానికి అప్పగించాడు. నడి చలికాలం, మంచు, రాత్రి ప్రయాణాలు. సైన్యపు పైలట్లలో ఎక్కువమందికి మీటర్లతో నడపడం సరిగా రాదు, చాలా విమానాల్లో సరైన మీటర్లూ లేవు. కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా పైలట్లు చనిపోయారు. దేశమంతా గగ్గోలు. అప్పుడు లింక్‌ను న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు పిలిచారు. ఆ రోజు మంచు బాగా కమ్మింది, ఇతను ఎక్కడ వస్తాడులే అని అధికారులు వెళ్ళిపోబోతున్నారట. ఇంతలో మంచులోంచి విమానం దిగింది, లింక్ బయటకు వచ్చాడు. ఇక వేరే వివరణ ఎందుకు? ఒక్కొక్కటి సుమారు 3,500 డాలర్ల చొప్పున సైన్యం ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారయ్యాయి, ఐదు లక్షలమంది వాటిలో నేర్చుకున్నారని లెక్క.

నీలం ఒళ్ళు, పసుపు రెక్కలు. అందరూ దాన్ని బ్లూ బాక్స్ అనేవాళ్ళు. మూత వేస్తే లోపల చీకటి, మీటర్ల వెలుగు మాత్రమే. పక్కన బల్ల దగ్గర నేర్పేవాళ్ళు కూర్చొని ఇయర్‌ఫోనులో మాట్లాడేవాళ్ళు. ఆ బల్లమీద మూడు చక్రాల చిన్న బండి ఒకటి పటం మీద సిరాతో గీత గీసుకుంటూ పోయేది. పైలట్ లోపల ఎటు నడిపితే బండి అటు. దాని పేరు క్రాబ్, అంటే ఎండ్రకాయ. పాఠం అయిపోయాక మూత తీసి, "చూడు, నువ్వు ఎక్కడ దారి తప్పావో" అని ఆ గీత చూపించేవాళ్ళు. అమెరికా నౌకాదళంలో ఇట్లా నేర్పినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. యుద్ధానికి పోయే మగ పైలట్లు వాళ్ళ దగ్గర తప్పులు దిద్దించుకొని పోయారు. ఈ సంగతి మా తరగతి అబ్బాయిలకు నేను రెండుసార్లు చదివి వినిపించాను.

బ్లూ బాక్సులో నేల, చెట్లు, రన్‌వే ఏవీ కనిపించవని గమనించారా? కంట్రోలు కొనేవాళ్ళు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం. అందమైన బొమ్మ వద్దు, పెద్ద తెర వద్దు. కావలసినవి మూడే: మీటర్లు, వాటికి వెంటనే బదులు చెప్పే కంట్రోలు, వెనక తప్పు చూపించే మనిషి.

యుద్ధం తర్వాత 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక పరీక్ష చేశారు. మీటర్లతో నడపడం రాని ఇరవైమందిని నిజమైన విమానంలోనే, బయట కనపడకుండా చేసి, నడపమన్నారు. పక్కన గురువు ఉన్నాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇరవైమందిలో ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో పెట్టుకోలేకపోయారు. సగటున పట్టిన సమయం 178 సెకండ్లు. మూడు నిమిషాలు కూడా కాదు! చిత్రం ఏమిటంటే, అదే విశ్వవిద్యాలయంలో 1975లో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే విద్యార్థి కంప్యూటరు తెర మీద విమాన ప్రయాణాన్ని చూపించడం గురించి థీసిస్ రాశాడు. అతని కంపెనీ చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఆపిల్ 2 కంప్యూటరుకు వచ్చింది, 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం కంప్యూటరుకు వచ్చింది. లింక్ ట్రైనర్ చేసే పనిలో సగం ఇళ్ళకు వచ్చేసింది. సగం అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

అప్పట్లో కీబోర్డే కంట్రోలు. కుడి పక్క అంకెల మీటల్లో 8 నొక్కితే ముక్కు దిగుతుంది, 2 నొక్కితే లేస్తుంది, 4, 6 నొక్కితే ఒరుగుతుంది. ఇదే దాని లోపం కూడా. మీట అంటే నొక్కితే ఉంది, లేకుంటే లేదు. ఒక్కో నొక్కుకు ఒక్కో మెట్టు. మబ్బులో నడిపేటప్పుడు కావాల్సింది మెట్టు కాదు, వెంట్రుకవాసి కదలిక. ముల్లు ఇంత జరిగితే చెయ్యి ఇంతే జరగాలి, జరిగి అక్కడే నిలవాలి. సైకిల్ హ్యాండిల్‌కు బదులు ఎడమకొక స్విచ్చు, కుడికొక స్విచ్చు పెడితే బజారులో నడపగలమా?

కాబట్టి జాయ్‌స్టిక్కో యోకో తప్పదు. యోకు అంటే కారు స్టీరింగు సగం కోసినట్టు ఉండి, తిప్పడానికీ, లాగడానికీ, తొయ్యడానికీ వీలయ్యేది. పైలట్ పాఠశాలల్లో ఎక్కువగా కనిపించే సెస్నా 172లో ఇదే ఉంటుంది. అందుకే అన్న మొదటినుంచీ యోకే కావాలంటాడు. అయితే యోకులన్నీ ఒకటి కావు. కొన్ని అటు 45, ఇటు 45 డిగ్రీలే తిరుగుతాయి. హనీకోంబ్ ఆల్ఫా లాంటివి అటు 90, ఇటు 90 తిరుగుతాయి. ఎక్కువ తిరిగితే చిన్న కదలిక సులువు. ధర కూడా దానికి తగ్గట్టే తిరుగుతుంది! చవక యోకుల్లో కొన్నింటికి మధ్యలో ఒక గాడి ఉంటుంది, దాన్ని దాటించాలంటే కాస్త బలం పెట్టాలి. పెట్టగానే టక్కున ఎక్కువ జరుగుతుంది. అట్లాంటి యోకుకన్నా మంచి జాయ్‌స్టిక్కు నయమని నేను అంటాను. లోపల ఏముందో కూడా చూడాలి. పాత రకంలో రేడియో వాల్యూము తిప్పే బిరడాలో ఉన్నట్టు ఒకదాన్నొకటి రాసుకొనే భాగం ఉంటుంది. దుమ్ము పడితే, అరిగితే చెయ్యి కదపకుండానే ముల్లు వణుకుతుంది. థ్రస్ట్‌మాస్టర్ టి.16000ఎం లాంటి వాటిలో అయస్కాంతంతో పనిచేసే సెన్సరు ఉంటుంది. రాసుకోవడం లేదు కాబట్టి అరుగుదల లేదు. మీటర్ల సాధనకు ఈ ఒక్క తేడా యోకు ఆకారంకన్నా ముఖ్యం.

అసలైన విమానంలో ఎవరూ గంటసేపు స్టిక్కును బలంగా పట్టుకొని కూర్చోరు. ట్రిమ్ అనే చక్రం ఉంటుంది, దాన్ని సరిచేస్తే చెయ్యి వదిలినా విమానం అదే వేగంలో ఉంటుంది. అప్పుడు పటం చూడొచ్చు, రేడియో తిప్పొచ్చు. కాబట్టి కొనే కంట్రోలులో బొటనవేలికి అందే చోట ట్రిమ్‌కు ఒక మీట పెట్టుకొనే వీలు ఉండాలి. ఇంజను శక్తికి వేరే మీట ఉండాలి. రన్‌వే వైపు దిగే దారి సుమారు 3 డిగ్రీల వాలు. 90 నాట్ల వేగంలో నిమిషానికి 450 నుంచి 500 అడుగులు దిగాలి. దాన్ని నిలపడం ఎక్కువగా ఈ శక్తి మీటతోనే. పెడల్స్ మంచివే, కానీ మీటర్ల సాధనకు అవి చివర. స్టిక్కును మెలితిప్పితే పెడల్ పని చేసే రకాలున్నాయి, ప్రస్తుతానికి చాలు. అన్నిటికన్నా చవకైనది, అందరూ మరిచిపోయేది ఇంకోటుంది. కంట్రోలును బల్లకు గట్టిగా బిగించాలి. అది జరిగిపోతా ఉంటే ఎంత ఖరీదైనదైనా దండగే.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగంలో ఆగినట్టే. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747, ఎంపరర్ అశోక, రెండు నిమిషాలైనా గడవకముందే బాంద్రా దగ్గర సముద్రంలో కూలింది. 213 మందీ చనిపోయారు. కింద చీకటి సముద్రం, పైన చీకటి ఆకాశం. కెప్టెన్ ఎదుటి హొరైజన్ మీటరు చెడిపోయి, విమానం కుడికి ఒరిగినట్టు చూపించింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయారు. అంటే ముల్లును నమ్మమన్నది ఒక్క ముల్లును నమ్మమని కాదు. హొరైజన్ చెప్పింది నిజమైతే దిక్కు చూపించే మీటరూ, మలుపు మీటరూ కూడా అదే చెప్పాలి. ఒకరి సాక్ష్యాన్ని ఇంకొకరితో పోల్చినట్టు కన్ను ఆగకుండా అన్నిటిమీదా తిరుగుతూ ఉండాలి. చెప్పకుండా మధ్యలో ఒక మీటరును చెడగొట్టే వీలు ఇంటి సిమ్యులేటర్లలో ఉంది. చేతులకు కంట్రోలు అలవాటైపోయి, వాటి గురించి ఆలోచించే పని లేకపోతేనే కళ్ళు అట్లా తిరగగలవు. మంచి కంట్రోలు అవసరం దీనికోసమే.

ఇక ఆ సగం సంగతి. మన కుర్చీ వంగదు, తిరగదు. కాబట్టి చెవి మోసం చేయదు. లింక్ పెట్టె కదిలేది కాబట్టి చెవిని కొంతైనా గందరగోళపెట్టేది. ఇంట్లో కళ్ళకూ చేతులకూ శిక్షణ దొరుకుతుంది, చెవిని పట్టించుకోకుండా ఉండే శిక్షణ దొరకదు. అది గురువుతో నిజమైన విమానంలో ఎక్కినప్పుడే. ఇంట్లో చేసిన గంటలు లైసెన్సు లెక్కలోకి కూడా రావు. అయినా విమానంలో ఒక్కో గంటకు వేలకు వేలు కట్టాలి. అక్కడికి పోయి ఏ ముల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటే, 50 డాలర్లు కట్టి ఏమీ ముట్టుకోకుండా దిగిన లింక్ గతే.

ఇవన్నీ రాసి పెదనాన్నకు చదివి వినిపించాను. తిత్తుల సంగతి ఆయనకు బాగా నచ్చింది, చిన్నప్పుడు భజనలో హార్మోనియం వాయించేవారు. చివరికి అయస్కాంతం రకం జాయ్‌స్టిక్కు ఒకటి, బల్లకు బిగించే క్లాంపు ఒకటి అని తేలింది. యోకు సంగతి ఫ్లయింగ్ స్కూల్లో చేరినాక చూద్దామన్నారు. క్రాబ్ పని నాకు పడింది. అన్న గడియారం చూసుకుంటూ సెకండుకు 3 డిగ్రీల చొప్పున మలుపు తీసుకోవాలి, సరిగ్గా రెండు నిమిషాలకు బయలుదేరిన దిక్కుకే తిరిగి రావాలి, ఎత్తు వంద అడుగులకన్నా తేడా రాకూడదు. నేను పక్కన నోటుబుక్కు పట్టుకొని కూర్చొని తప్పులు రాయాలి.